ఐదు దాకా చెప్పిన టీచరమ్మ

మూడో తరగతి లెక్కల్ని సగం ధరకు కొన్న మొనగాణ్ణి నేను. వరంగల్ బీటు బజారులో చింతపండు మీద రూపాయి తగ్గించినవాళ్లున్నారు, పెళ్లి పందిరి మీద వేలు తగ్గించినవాళ్లున్నారు. ఎక్కాల మీద బేరమాడి గెలిచినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఇన్నేళ్లూ ఈ సంగతి మీసం దువ్వుకుంటూ చెప్పుకున్నాను. నాకు మీసం లేదన్నది వేరే సంగతి.

మొన్న శివనగర్ మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంటే బండి ఆపాను. అచ్చు వేసిన పూలదండ మధ్యలో తెల్లచీర, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, ఆ అద్దాల మీదుగా మనల్ని తూకం వేసే చూపు. కింద జ్ఞాపకార్థ కూడిక ఫలానా రోజు అని ఉంది. ఆమె పేరు అక్కడే మొదటిసారి చదివాను. మా బజారు మొత్తానికీ ఆమె టీచరమ్మ. ఆ పేరు ఇక్కడ రాస్తే ఇంకెవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది. టీచరమ్మగానే ఉండనివ్వండి.

మా బిడ్డ మూడో తరగతిలో ఉన్నప్పటి మాట. నాది కిరాణం దుకాణం. బడి నుంచి వచ్చి బియ్యం బస్తా మీద కూర్చునేది. కొబ్బరికాయలు దిగిన రోజు వాటిని లెక్కపెట్టే ఉద్యోగం తనదే. మా దగ్గర ఏది లెక్కపెట్టినా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు మామూలే. మా తాత అట్లాగే లెక్కపెట్టాడు, మా నాన్న అట్లాగే, నేనూ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. లాభం అని పిలిస్తే వస్తుందేమోనని ఆశ కావచ్చు. పిలిచినన్నిసార్లు వచ్చిందని మాత్రం చెప్పలేను.

ఒకరోజు బడిలో మిస్సు మా బిడ్డను నిలబెట్టి బల్ల మీది పెన్సిళ్లు లెక్కపెట్టమంది. ఆ బడి ఇంగ్లీషు మీడియం. బిడ్డ పెన్సిలు మీద వేలుపెట్టి గట్టిగా మొదలుపెట్టింది: "లాభం, టూ, త్రీ, ఫోర్..."

తరగతంతా నవ్వింది. మిస్సు కూడా నవ్విందట. సాయంత్రానికి మా బిడ్డ పేరే లాభం అయిపోయింది. ఆటల దగ్గర లాభం, ఆటోలో లాభం. ఆ తర్వాత లెక్కల పీరియడ్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి. బడికి తోలితే నోరు తెరవదు. లెక్కల పరీక్షలో పేరు రాసి, తేదీ రాసి, కాగితం తిరిగి ఇచ్చేసింది. ఇట్లయితే ఇంకో ఏడాది మూడులోనే కూర్చోబెడదామని బడివాళ్లు కబురు పంపారు. మూడులో ఉంచడం కంటే నన్ను భయపెట్టింది వేరే. దుకాణంలో కాయలు లెక్కపెట్టమంటే కూడా తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది.

మా ఆవిడ అంది: "పిల్ల మూగదాని లెక్క అయితాంది. శివనగర్‌ల టీచరమ్మ ఉందట. మూడో తరగతి లెక్కలు ఒక్కటే చెప్తదట. పోయి మాట్లాడి రా." నేను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఇంకో మాట విసిరింది. "బేరమాడకు."

టీచరమ్మ రఘునాథపల్లి దిక్కు బళ్లో ఏళ్లకేళ్లు మూడో తరగతికే పాఠం చెప్పి, రిటైరైనాక ఇంటి వరండాలో గోడకు నల్లరంగు పూయించుకుని అదే తరగతి నడుపుతోంది. నేను వెళ్లేసరికి కొత్త చాక్‌పీసుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ విరుస్తోంది. సరుకు పాడైతే చూడలేని జన్మ నాది.

"అదేంది టీచరమ్మా, కొత్తయి ఇరగ్గొడుతున్నవ్?"

"నిండుది బోర్డు మీద కీసుమంటది సేటు. ఇరిగినది నోరు మూసుకొని రాస్తది."

ఫీజు చెప్పింది. ఎక్కువేం కాదు. నాకు మాత్రం ఎక్కువా తక్కువా అన్నది ధర విన్నాక మొదలయ్యే ఆలోచన కాదు, అది ఒంట్లో ఉంటుంది. ముందు నవ్వాను. పనిచేయలేదు. లేచి నిలబడ్డాను. ఆమె ఇంకో చాక్‌పీసు విరిచింది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"పదో తరగతి అంటే అనుకోవచ్చు. మూడో తరగతిల ఏముంటది టీచరమ్మా? కూడికలు, తీసివేతలు, నాలుగు ఎక్కాలు. చిన్న పిల్ల, చిన్న లెక్కలు. బక్కగ ఉంటది, మీ వరండల జాగ కూడ ఎక్కువ పట్టదు."

ఆమె అద్దాల మీదుగా చూసింది. "తూకం ఏసుకొని వచ్చినవా?"

"సగం చేసుకోండి."

"సగమా?" ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసింది. "సగమంటే ఏందో ఎరుకేనా సేటు?"

"ఎరుక లేకుంటే బజార్ల ఎట్ల బతుకుత?"

"సరే, సగం. మల్ల నువ్వు మాట మార్చొద్దు."

అక్కడే నాకు వాసన రావాలి. అడిగిన వెంటనే అమ్మేవాడు ఒప్పుకున్నాడంటే సరుకు మళ్లీ చూసుకోవాలని మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. నేను మాత్రం ఈల వేసుకుంటూ ఇల్లు చేరాను. మా ఆవిడ మొహం చూడగానే "ఆడినవ్ గదా" అంది.

వారం తిరిగేసరికి కడుపునొప్పి రోజులు తగ్గాయి. వరండాలో ఏం జరుగుతోందో బిడ్డ నోట కొంచెం కొంచెంగా తెలిసేది. టీచరమ్మ గోడ గడియారం చూడదట. "పెద్దముల్లు ఏడున్నది బిడ్డా?" అని పిల్లల్నే అడుగుతుందట. అది ఆరు మీదికి వస్తేనే తరగతి అయిపోయినట్టు. ఒక బిస్కెట్ ప్యాకెట్ విప్పి, వచ్చిన పిల్లలందరికీ సమానంగా పంచమంటుందట. పంచగా మిగిలింది ఎవరిదీ కాదు, గుమ్మంలో పడుకున్న వీధికుక్కది. అందుకని ఏమీ మిగలకుండా ఉండే లెక్క రావాలని పిల్లలు మొక్కుకునేవాళ్లు. ఎవరైనా తరగతి ఎగ్గొట్టిన రోజు కుక్క తోక ముందే ఊగేది. "దానికి భాగారం అచ్చింది డాడీ" అని మా బిడ్డ చెప్పింది. చాలా రోజుల తర్వాత తను నాకు చెప్పిన మొదటి జోకు అది.

ఆ ధీమాతో ఒకనాడు దుకాణంలో ఏడో ఎక్కం అడిగాను. బస్తా మీద కూర్చుని కాళ్లూపుతూ ఎత్తుకుంది.

"సెవెన్ లాభం సెవెన్. సెవెన్ టూస్ ఫోర్టీన్. సెవెన్ త్రీస్ ట్వంటీవన్. సెవెన్ ఫోర్స్ ట్వంటీఎయిట్. సెవెన్ ఫైవ్స్ థర్టీఫైవ్." ఆగింది.

"తర్వాత?"

"గంతే. ఆరు కాంచి మీ డాడీని అడుగు అన్నది టీచరమ్మ."

రెండు ఫిర్యాదులు జేబులో వేసుకుని శివనగర్ పోయాను. పిల్లలు వెళ్లిపోయారు. ఆమె వరండా ఊడుస్తోంది.

"టీచరమ్మా, లాభం అన్నందుకే బడిల నవ్విన్రు. మీరు సుత అదే అనిపిస్తున్నరు."

"మీ దుకాణంల ఒకటికి ఏం పేరు?"

"లాభం."

"మరి పిల్ల తప్పేం చెప్పింది? నవ్వినోళ్లకు మీ దుకాణం ఎరుక లేదు, గంతే." చీపురు గోడకు ఆనించింది. "తప్పు తప్పు అంటే ఇంకింత నోరు మూసుకుంటది. ముందు తెరవనియ్యి. పేరుదేమున్నది, ఎప్పుడన్న మార్చుకోవచ్చు."

మొదటి ఫిర్యాదు మడిచి జేబులో పెట్టుకుని రెండోది తీశాను. "సగం ఎక్కమే చెప్తున్నరట?"

"సగం ఫీజుకు సగం ఎక్కం. నీ దుకాణంల సగం పైసలకు నిండు కిలో ఇస్తవా?"

జీవితంలో ఎంతమంది నోళ్లో మూయించినవాణ్ణి. ఇవ్వనని తల అడ్డంగా ఊపాను. అయినా బేరగాడి పుట్టుక ఊరుకోదు కదా.

"పోనీ ఏడు దాకనన్న చెప్పండి."

"పదిల సగం ఏడు ఎట్లయితది సేటు? మూడో తరగతి పిల్లగాండ్లు వింటే నవ్వుతరు."

"మరి మిగిలింది ఎవలు చెప్పాలె?"

ఆమె మళ్లీ అద్దాల మీదుగా చూసింది. "నీకు రాదా?"

ఆ 'రాదా' ముల్లులా దిగింది. రాకేం అన్నాను. మిగతా సగం ఫీజు అక్కడే ఇచ్చేసి ఉంటే అయిపోయేది. ఇవ్వలేదు. నా నోటికి కిరాయి లేదు కదా, ఇంట్లో సరుకు పెట్టుకుని బయట కొనడమెందుకు అని లెక్కవేశాను. ఆ రోజు నాకంటే తెలివైనవాడు వరంగల్‌లో లేడు.

సాయంత్రం నాకు గిరాకీ, దుకాణం మూసి ఇంటికి చేరేసరికి బిడ్డ నిద్రలో ఉంటుంది. ఇక మిగిలింది పొద్దున. షట్టరు నడుము దాకా ఎత్తి, దీపం పెట్టి, బోణీ అయ్యేలోపు ఆ కాస్త సమయంలో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాకు వచ్చినవి మా నాన్న తెలుగులో చెప్పిన ఎక్కాలు. ఇంగ్లీషులో నోరు తిరగదు. దాంతో బిడ్డ ఎక్కం ఇట్లా తయారైంది: మొదట్లో లాభం, ఐదు దాకా ఇంగ్లీషు, ఆరు నుంచి తెలుగు. "సెవెన్ ఫైవ్స్ థర్టీఫైవ్, ఏడార్లు నలభై రెండు, ఏడేడులు నలభై తొమ్మిది..." వింటుంటే కాజీపేట జంక్షన్లో బండికి ఇంజన్ మార్చినట్టు ఉండేది.

నాలుగైదు రోజులకే నా సరుకు బయటపడింది. క్యాలిక్యులేటర్ వచ్చాక ఎక్కాలకు బూజు పట్టిందని నాకే తెలియదు.

"ఏడెనిమిదులు యాభై నాలుగు" అన్నాను, దర్జాగా.

బిడ్డ అనుమానంగా చూసింది. వక్కల డబ్బా దగ్గరికి లాక్కుని, టీచరమ్మ చింతగింజలతో చేయించినట్టు, గల్లాపెట్టె పక్కన వరసకు ఏడు చొప్పున ఎనిమిది వరసలు పేర్చింది. "లాభం, రెండు, మూడు" అని వేలుపెట్టి మొదలుపెట్టింది. తను మళ్లీ లెక్కపెడుతోందని నాకు మధ్యలో ఎక్కడో తట్టింది. అప్పటికి షట్టరు కింద నుంచి ఒక గిరాకీ వంగి చూస్తున్నాడు. పసుపు కావాలట. చెయ్యి అడ్డంపెట్టి ఆగమన్నాను. మా వంశంలో బోణీ గిరాకీని ఆగమన్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి.

"యాభై ఆరు!" అంది బిడ్డ. "డాడీ, రెండు తక్కువ చెప్పినవ్. గిరాకీలకు గిట్లనే చెప్తవా?"

పసుపు ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వాను. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా, వక్కల మీద పడి దొర్లుతూ బిడ్డ నవ్వింది. తప్పు చెప్పినా మనిషి చచ్చిపోడని, పైగా పసుపు కూడా అమ్ముకోవచ్చని, కళ్లారా చూసింది కదా. బోణీ కాకముందే దుకాణం పరువు పోయింది. ఆ రోజంతా గిరాకీ బ్రహ్మాండంగా నడిచింది.

కొన్నాళ్లకు బడిలో మిస్సు ఆరెనిమిదులు ఎంత అని అడిగిందట. మా బిడ్డ చెయ్యెత్తి "నలభై ఎనిమిది" అంది. తెలుగు విని తరగతి మళ్లీ నవ్వింది. ఈసారి కూర్చోలేదట. "ఫైవ్ తర్వాత మా డాడీవి మిస్. తెలుగులనే ఉంటయి" అని చెప్పి, మిస్సు బోర్డు మీద ఫార్టీఎయిట్ వేసేదాకా నిలబడే ఉందట. ఏడాది చివర నాలుగుకు వెళ్లింది. కడుపునొప్పి మళ్లీ రాలేదు. వచ్చినా, అది నిజంగా కడుపునొప్పే.

టీచరమ్మ నెలకోసారి మా దుకాణానికి వచ్చేది. ధర అడిగేది కాదు, చెప్పింది ఇచ్చేది. బేరమాడని గిరాకీ అంటే నాకు కాస్త బెరుకు, ఉప్పులేని కూరలాగా. ఆమె మీద గౌరవంతో ఒకసారి తూకం అయ్యాక పిడికెడు కందిపప్పు కొసరు వేశాను. పొట్లంలోంచి అంతే తీసి తక్కెడలో వేసింది.

"కొసరు టీచరమ్మా. ఊకెనే."

"అడగంది తీసుకుంటే లెక్క ఆగమైతది సేటు."

"బజార్ల అందరు తీసుకుంటరు."

"బజార్ల అందరు మూడో తరగతి దాటిపోయిన్రు. నేను ఇంక అండ్లనే ఉన్న."

వెళ్తూ వెళ్తూ ఒక్క మాటే అడిగేది. "మీ సగం ఎట్ల నడుస్తాంది?" పూర్తి ఫీజు కట్టనందుకు దెప్పుతోందని అనుకునేవాణ్ణి. నేను కూడా నవ్వుతూ "మంచిగ నడుస్తాంది, ఖర్చు లేదు" అని దెప్పేవాణ్ణి. అట్లా మా ఇద్దరి పద్దు సమానమైపోయిందని నా నమ్మకం. సగం పైసలు, సగం సరుకు. ఎవరికీ నష్టం లేదు.

జ్ఞాపకార్థ కూడిక నాడు బిడ్డను తీసుకుని వెళ్లాను. ఇప్పుడు ఇంటర్ పూర్తి చేసింది, నాకంటే ఎత్తు. వరండాలో నల్లగోడ అట్లాగే ఉంది. సందులో షామియానా వేసి కుర్చీలు పరుస్తున్నారు. మా దుకాణానికి ఎదురు వరసలో బట్టల దుకాణం అన్న కూడా కొడుకుతో వచ్చాడు. ఆ అన్న ఏ విషయంలోనూ బేరమాడడు, అది తన స్థాయికి తక్కువ అనుకుంటాడు. నేను సగానికి మాట్లాడుకున్నానని తెలిసి, "నేను నిండుగ ఇచ్చిన, మా పిల్లగానికి నిండుగ వస్తది" అని అప్పట్లో నాకు వినపడేట్టే చెప్పినవాడు.

ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వరసకు ఏడు చొప్పున ఎనిమిది వరసల కుర్చీలు వేశాడు. వచ్చేవాళ్లకు చాలుతాయా లేదా అని నిలబడి గొణుక్కుంటున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"సెవెన్ ఫైవ్స్ థర్టీఫైవ్... ఏడార్లు నలభై రెండు, ఏడేడులు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఆరు. చాల్తయి."

ఐదు దాటగానే ఇంజన్ మారింది.

మా బిడ్డ, ఆ అబ్బాయి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బట్టల దుకాణం అన్నను పక్కకు పిలిచాను.

"అన్నా, నువ్వు నిండు ఫీజు ఇచ్చినవ్ గదా?"

"ఇచ్చిన. నెలకు ముందే ఇచ్చిన."

"మరి మీవానికి ఎక్కం ఎందాక చెప్పింది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోని నామోషీలా ఉంది. "ఐదు దాకనే చెప్పింది తమ్మీ. నాకు ఆయాసం సేటు, ఐదు దాటితే దమ్ము ఆడతలేదు అన్నది. ముసలామె, ఏమంటం? మిగిలింది నేనే చెప్పుకున్న. దుకాణం తెరవక ముందు, బట్టల తానుల మీద కూసొని. మీ దానికి?"

"మాకు ఫీజు సగమని సగం చెప్పింది."

ఇద్దరం గోడ మీది నల్లరంగు వైపు చూస్తూ నిలబడ్డాం. టీచరమ్మ చెల్లెలు టీ పళ్లెం పట్టుకుని వచ్చింది. మా మాటలు విన్నట్టుంది.

"మా అక్క అందరికీ గంతే చెప్పేది నాయనా. దుకాణపోళ్ల పిల్లలు, అయ్య మొఖం ఆదివారం చూస్తరు అనేది. ఐదు దాక నాది, ఆరు కాంచి ఇంటోళ్లది అనేది. ఒక్కొక్కలకు ఒక్కో సాకు. మీకేం చెప్పింది?"

"ఆయాసమన్నది" అన్నాడు బట్టల అన్న.

"ఆయాసమా! రోజు స్టేషన్ దాక నడిచి వచ్చేది."

ఆయన టీ గ్లాసు పట్టుకుని నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. నేను టీ తాగలేదు. నాకు ఆమె చెప్పిన సాకు అబద్ధం కూడా కాదు. నా భాషలో చెప్పింది. నేను ఏ మాట నమ్ముతానో ఆ మాటే ఎంచి చెప్పింది. తక్కెడ పట్టి పెరిగినవాడికి తూకంతోనే జవాబిచ్చింది.

బండి మీద వస్తుంటే వెనక కూర్చున్న బిడ్డను అడిగాను. "ఇప్పుడు సుత నువ్వు గట్లనే లెక్కపెడ్తవా, సగం ఇంగ్లీషుల, సగం తెలుగుల?"

"ఇంకెట్ల లెక్కపెడ్తరు డాడీ?" అంది, ఇంకో పద్ధతి ఉన్నట్టే తెలియనట్టు.

ఇక బిల్లు. ఈ బిల్లును ఇన్నాళ్లూ నాకు నచ్చినట్టు రాసుకున్నాను, ఒక్కసారైనా సరిగ్గా వేస్తాను. నేను ఇచ్చింది: మూడో తరగతి ఏడాదికి సగం ఫీజు. నేను తీసుకున్నది: నిండు ఫీజు ఇచ్చినవాడు తీసుకున్నదంతా, పిసరు తగ్గకుండా. ఆ పైన కొసరు: షట్టరు నడుము దాకా ఎత్తిన పొద్దుటి పూటలు, గల్లాపెట్టె పక్కన వక్కల వరసలు, నా తప్పు పట్టుకుని పగలబడి నవ్విన బిడ్డ. నేను అడగలేదు. ఆమె వేసింది. నేను పొట్లంలోంచి తీసి తక్కెడలో వేయలేదు, ఇప్పటికీ వేయను.

మిగతా సగం ఫీజు బాకీ. తీసుకునే మనిషి లేదు కాబట్టి నా పేరు మీదే ఉంటుంది. దీని మీద మాత్రం తగ్గింపు అడగడం లేదు.